తేనెలో ఉసిరి పులియబెట్టడం: మొదటిసారి చేసేవాళ్ల కోసం

కార్తీక మాసం వచ్చిందంటే తిరుపతి రైతు బజారులో పెద్ద ఉసిరికాయలు కుప్పలుగా కనిపిస్తాయి. మొదట్లో వచ్చేవి చాలావరకు దీపాలకు, పూజలకు పోతాయి. తిరుచానూరు అమ్మవారి పంచమీ తీర్థం అయ్యే నాటికి కాయ ముదిరి, పచ్చటి తోలు మీద కాస్త పసుపు తిరుగుతుంది. తేనెలో వేయడానికి ఆ కాయే మంచిది. అప్పటి నుంచి సంక్రాంతి దాటేవరకు కాయ దొరుకుతూనే ఉంటుంది కాబట్టి తొందరపడి లేతకాయ కొనొద్దు. లేతకాయలో వగరు ఎక్కువ. నెల గడిచినా ఆ వగరు పూర్తిగా పోదు.

తేనె ఉసిరి అంటే మన ఇళ్లలో ఎక్కువమందికి తెలిసింది కాయల్ని ఆవిరి మీద ఉడికించి, ఆరబెట్టి, తేనె పోసేది. అదీ మంచిదే. నేను చెప్పబోయేది వేరు. ఇందులో కాయ ఉడకదు, తేనె వేడెక్కదు. పచ్చికాయ, పచ్చితేనె ఒకే సీసాలో కలిసి వాటంతట అవే పులుస్తాయి. ఉడికించి చేసినదాంట్లో తీపి తీపిగా, పులుపు పులుపుగా విడివిడిగా తెలుస్తాయి. పులిసినదాంట్లో రెండూ ఒకటైపోయి, చివర్లో ద్రాక్షారిష్టం తాగినప్పుడు తగిలేలాంటి చిన్న ఘాటు వస్తుంది. ఒకసారి ఇది రుచి చూసినవాళ్లు మళ్లీ ఉడికించినదాని జోలికి పోరని నా నమ్మకం.

దీని మర్మమంతా నీళ్లలో ఉంది. ఇది బాగా అర్థమైతే కొలతలు కాస్త అటూ ఇటూ అయినా సరుకు చెడదు, అందుకే ముందు ఇదే చెప్తాను. తేనె ఏళ్ల తరబడి నిలవ ఉండటానికి ముఖ్య కారణం అందులో తేమ తక్కువ కావడం. మంచి తేనెలో అది 17, 18 శాతం ఉంటుంది. మన దేశంలో ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నిబంధన ప్రకారం 20 శాతం దాటకూడదు. పచ్చితేనెలో ఈస్ట్ కణాలు ఉంటాయి. పూల నుంచి, తేనెటీగల నుంచి అవి వచ్చి చేరతాయి. కానీ అంత చిక్కటి చక్కెర మధ్య వాటికి నీళ్లు అందవు కాబట్టి ఏ పనీ చేయకుండా పడి ఉంటాయి. ఉసిరికాయలో 80 శాతానికి పైగా నీళ్లే. ముక్కను తేనెలో వేయగానే తేనె ఆ నీళ్లను బయటికి లాగుతుంది. నీళ్లు చేరినచోట తేనె పలచబడుతుంది, ఈస్ట్ లేస్తుంది, చక్కెరను తింటూ కార్బన్ డయాక్సైడ్‌ను, కొద్దిగా ఆల్కహాల్‌ను వదులుతుంది. మనకు కనిపించే బుడగలు ఆ గ్యాసే. అదే సమయంలో పలచబడిన తేనెలో గ్లూకోజ్ ఆక్సిడేజ్ అనే ఎంజైమ్ కూడా పని మొదలుపెట్టి కొంచెం హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను, గ్లూకోనిక్ ఆమ్లాన్ని తయారుచేస్తుంది. చెడ్డ సూక్ష్మజీవులకు ఆ రెండూ గిట్టవు. ఉసిరి పులుపు ఎట్లాగూ వాటికి పడదు.

మా వీధిలో కాలేజీ పిల్లలు కొందరు ఇది చూసి, "అక్కా, అయితే మీడ్ కూడా ఇట్లాగే చేస్తారు కదా, అది చెప్పండి" అని అడిగారు. నిజమే, దారి ఒకటే. తేనెకు మూడింతలు నీళ్లు కలిపి వైన్ ఈస్ట్ వేస్తే, చక్కెర చాలావరకు ఆల్కహాల్‌గా మారి మీడ్ అవుతుంది. పోలండ్‌లో దానికి పెద్ద పేరుంది. ఇథియోపియాలో గేషో అనే ఆకు, పుల్లలు వేసి టెజ్ అని చేసుకుంటారు. మన ఆంధ్రప్రదేశ్‌లో మాత్రం లైసెన్స్ లేకుండా ఇంట్లో మద్యం కాయడం, పులియబెట్టడం నేరం. ఆ పిల్లలకూ అదే చెప్పాను. ఇక్కడ మనం తేనెలో ఒక్క చుక్క నీళ్లు కూడా పోయం. కాయ ఇచ్చే నీళ్లే తప్ప వేరే నీళ్లు లేవు. అంత చిక్కదనంలో, అంత పులుపులో ఈస్ట్ నిదానంగా పనిచేస్తుంది. మీడ్‌లాగా పది, పన్నెండు శాతం ఆల్కహాల్‌కు పోదు. అయినా అసలు ఉండదని చెప్పను, కొంచెం ఉంటుంది. ఆ కాలంలోనే అయ్యప్ప మాలలు వేసుకుంటారు కాబట్టి మాలలో ఉన్నవాళ్లకు, గర్భిణులకు, మద్యంతో పడని మందులు వాడేవాళ్లకు ఇది పెట్టొద్దు. వాళ్ల కోసం ఆవిరి మీద ఉడికించిన ఉసిరి ఉండనే ఉంది.

తేనె ఎట్లాంటిది కావాలి

ఇక్కడే ఎక్కువమంది డబ్బు పోగొట్టుకుంటారు. శేషాచలం కొండల చుట్టూ ఉన్న రోడ్ల మీద, తలకోన దారిలో, బకెట్లో తేనెపట్టు ముక్క పెట్టుకుని అమ్మేవాళ్లు తగులుతారు. పట్టు నిజమైనదే కావచ్చు, దాని చుట్టూ ఉన్నది బెల్లం పాకమో చక్కెర పాకమో చూసి చెప్పడం కష్టం. నీళ్లలో చుక్క వేస్తే కరగకుండా అడుక్కి చేరాలని, కాగితం మీద వేస్తే ఇంకకూడదని, అగ్గిపుల్ల ముంచి గీస్తే వెలగాలని చెప్తారు. ఇవన్నీ చిక్కదనాన్ని చూపిస్తాయి, అంతే. చిక్కగా కాచిన చక్కెర పాకం కూడా వీటిలో పాసవుతుంది. పైగా మంచి కొండతేనెలో తేమ కాస్త ఎక్కువ ఉంటే అది ఫెయిలవుతుంది. కాబట్టి ఆ పరీక్షలను నమ్ముకోవద్దు.

నేను తేనెటీగల పెట్టెలు పెట్టుకున్న రైతు దగ్గరే కొంటాను. అట్లాంటివాళ్లను రెండు ప్రశ్నలు అడగండి. తేనెను వేడి చేశారా? తేమ ఎంత ఉంది? తేనె వ్యాపారం సీరియస్‌గా చేసేవాళ్ల దగ్గర రిఫ్రాక్టోమీటర్ అనే చిన్న పరికరం ఉంటుంది, ఒక్క చుక్క వేసి చూసి తేమ ఎంతో చెప్పేస్తారు. గట్టిగా పేరుకున్న తేనె అని పక్కన పెట్టకండి. పొద్దుతిరుగుడు తేనెలాంటివి తొందరగా పలుకులు కడతాయి, అది కల్తీకి గుర్తు కాదు. సీసాను గోరువెచ్చటి నీళ్లలో నిలబెడితే మళ్లీ కరుగుతుంది. నీళ్లు చెయ్యి పెట్టి ఉంచగలిగినంత వెచ్చగానే ఉండాలి. పొయ్యి మీద పెట్టి మరిగిస్తే ఈస్ట్ చచ్చిపోతుంది, ఎంజైమ్ కూడా పోతుంది.

పెద్ద కంపెనీల సీసా తేనె వాడొచ్చా అని చాలామంది అడుగుతారు. వాటిలో ఎక్కువ భాగం వేడిచేసి, సన్నగా వడకట్టినవి. వాటితోనూ పులుస్తుంది, ఎందుకంటే ఉసిరి తోలు మీద కూడా ఈస్ట్ ఉంటుంది. కాకపోతే మొదలవడానికి ఆలస్యమవుతుంది. మొదటిసారి చేసేవాళ్లకు ఆ ఎదురుచూపే టెన్షన్ పెడుతుంది, కాబట్టి పచ్చితేనె దొరికితే అదే తీసుకోండి.

కొండతేనె సంగతి వేరే చెప్పాలి. పెద్ద తేనెటీగలు కొండ చరియలకు, ఎత్తైన చెట్లకు కట్టే పట్టు నుంచి వచ్చే తేనెలో తేమ తరచుగా 20 శాతం దాటుతుంది. ఏమీ వేయకుండానే సీసాలో నురగ కట్టి, మూత బిగించి పెడితే గ్యాస్ నిండుతుంది. వాసన, రుచి అద్భుతంగా ఉంటాయి. అది వాడితే సీసాలో ఖాళీ ఎక్కువ వదలండి, గ్యాస్ ఎక్కువసార్లు వదలండి. ఇంకొక మాట. శ్రీ వెంకటేశ్వర జాతీయ ఉద్యానవనం లోపలికి పోయి ఎవరూ తేనె తీయకూడదు. అటవీ శాఖ అనుమతితో సేకరించినదే కొనండి.

కాయ, సీసా, కత్తి

అరకిలో ఉసిరికి ముప్పావు కిలో తేనె. ముందు ఈ కొలతతో మొదలుపెట్టండి. తేనె బరువు ఎక్కువ, లీటరు తేనె కిలో 400 గ్రాములు తూగుతుంది. కాబట్టి ముప్పావు కిలో అంటే అరలీటరు మీద కొంచెం. రెండింటికీ కలిపి లీటరున్నర పట్టే వెడల్పు మూతి గాజు సీసా కావాలి. మూడో వంతు ఖాళీ ఉండాల్సిందే, నురగ అంతవరకు లేస్తుంది. మూత ప్లాస్టిక్‌దో గాజుదో అయితే మంచిది. రేకు మూతకు పులుపు ఆవిరి తగిలి తుప్పు పడుతుంది. ఊరగాయ జాడీ వద్దని అనను కానీ మొదటిసారి లోపల ఏం జరుగుతోందో కళ్లతో చూడాలి, అది గాజులోనే కుదురుతుంది. లోపలి మెరుపు పెచ్చులూడిన పాత జాడీలైతే అసలు వాడొద్దు.

ఉసిరికాయలను ఎంచేటప్పుడు మచ్చ ఉన్నది, మెత్తబడినది, కిందపడి దెబ్బతిన్నది తీసేయండి. మా ఆడపడుచు వాళ్లది భాకరాపేట వైపు. వాళ్ల చేలో ఉసిరి చెట్టు ఉంది. అక్కడ చెట్టు దులపకుండా చేత్తో కోసిన కాయే నాకు పంపమంటాను. దులిపితే కాయకు లోపల దెబ్బ తగులుతుంది, అది రెండు రోజుల తర్వాతగానీ పైకి కనిపించదు. కాయలను మామూలు నీళ్లతో కడగండి. సబ్బు, ఉప్పు, వెనిగర్ ఏమీ అక్కర్లేదు, తోలు మీది ఈస్ట్ మనకు కావాలి. కడిగాక బట్ట మీద పరిచి, తుడిచి, ఫ్యాన్ కింద పూర్తిగా ఆరనివ్వండి. నవంబర్, డిసెంబర్‌లో మన దగ్గర వానలు పడుతుంటాయి. అప్పుడు గాల్లోనే చెమ్మ ఉంటుంది, కాయ ఆరిందని పైకి అనిపించినా తొడిమ దగ్గర గుంటలో నీళ్లు నిలుస్తాయి. ఆ గుంటను ఒక్కొక్క కాయకూ బట్ట కొసతో తుడవాలి. విసుగనిపించినా ఈ పని మానొద్దు. సీసా కూడా వేడినీళ్లతో కడిగి, ఎండలో బోర్లించి, చుక్క తడి లేకుండా ఆరాలి.

కోయడానికి స్టీల్ కత్తే వాడాలి. ఇనప కత్తిపీట మీద కోస్తే ఉసిరిలో వగరునిచ్చే టానిన్ ఇనుముతో కలిసి ముక్కలు నల్లగా అవుతాయి, ఇనుము రుచి కూడా అంటుకుంటుంది. కాయ మీద నిలువు గీతలు ఉంటాయి కదా, ఆ గీతల వెంబడి గింజ తగిలేవరకు కోస్తే తొనలుగా విడిపోతాయి. గింజలు పారేయండి. కాయను కోయకుండా ఫోర్క్‌తో గుచ్చి వేసేవాళ్లూ ఉన్నారు. చూడ్డానికి బాగుంటుంది కానీ లోపలిదాకా ఊరడానికి చాలా కాలం పడుతుంది. మొదటిసారి తొనలే వేయండి.

సీసాలో ముక్కలు వేసి, పైనుంచి తేనె పోయండి. చిక్కటి తేనె ముక్కల మధ్యకు దిగడానికి టైమ్ తీసుకుంటుంది. సగం పోసి, పావుగంట ఆగి, పొడి స్టీల్ గరిటెతో ఒకసారి కదిపి, మిగతాది పోయండి. కావాలంటే నాలుగైదు మిరియాలు, చిన్న అల్లం ముక్క వేసుకోవచ్చు. అల్లం చెక్కు తీసి, తడి ఆర్చి వేయండి. మొదటి సీసాలో నేనైతే ఏమీ కలపొద్దనే అంటాను. ఉసిరి, తేనె రెండే ఉంటే వాసనలో వచ్చే మార్పు స్పష్టంగా తెలుస్తుంది.

తర్వాతి నెల రోజులు

మరుసటి రోజుకే తేనె పలచబడుతుంది. దాన్ని చూసి భయపడతారు. "ఏమ్మా, తేనె నీళ్లయిపోయిందే, మోసపోయావా" అని మా పక్కింటి పిన్ని సీసా ఎత్తి ఆడించి మరీ అడిగింది. మోసం కాదు, కాయలోని నీళ్లు బయటికి వచ్చాయి. లెక్క చూడండి. ముప్పావు కిలో తేనెలో మొదట ఉన్న నీళ్లు 135 గ్రాములు. గింజ తీసిన ముక్కల్లో ఉన్నవి 350 గ్రాముల పైనే. అవన్నీ కలిసి సర్దుకునేసరికి మొత్తంలో 40 శాతం నీళ్లవుతాయి. అందుకే తేనె తగ్గించి కాయలు ఎక్కువ వేయొద్దని అంత గట్టిగా చెప్తున్నాను. తేనె తగ్గేకొద్దీ కాపాడే చక్కెర తగ్గుతుంది.

ఇంకొక చిక్కు ఉంది. ముక్కలు మొదట్లో పైకి తేలతాయి. పలచటి రసం కూడా పైనే చేరుతుంది, చిక్కటి తేనె అడుగున ఉండిపోతుంది. అంటే బూజుకు అనువైన చోటు సరిగ్గా పైభాగమే, గాలి తగిలే ముక్కల మీదే. దానికి విరుగుడు సీసాను తిప్పడం. రోజుకు రెండుసార్లు, పొద్దున కాఫీ పెట్టుకునేటప్పుడు ఒకసారి, రాత్రి పడుకునే ముందు ఒకసారి, మూత బిగించి సీసాను తలకిందులు చేసి, ముక్కలన్నిటికీ తేనె అంటేలా తిప్పండి. వెంటనే నిలబెట్టి మూత వదులు చేయండి. గ్యాస్ బుస్సుమని పోతుంది. తర్వాత మూతను పూర్తిగా బిగించకుండా, ఊరికే ఆనేలా పెట్టండి. పూర్తిగా బిగిస్తే గ్యాస్ ఒత్తిడికి గాజు పగలొచ్చు. ముక్కలు తేనె పీల్చుకుని ముడుచుకున్నాక వాటంతట అవే కిందికి దిగుతాయి. అప్పుడు రోజుకు ఒకసారి తిప్పితే చాలు, ఆపైన రెండు రోజులకోసారి.

బుడగలు సాధారణంగా మూడు నుంచి ఏడు రోజుల్లో మొదలవుతాయి. చలి ఎక్కువగా ఉంటే ఇంకా ఆలస్యం కావచ్చు. ఇంట్లో 25 డిగ్రీల చుట్టూ ఉంటే హాయిగా సాగుతుంది. ఎండ తగలని అల్మారాలో, ఒక వెడల్పు పళ్లెంలో సీసా పెట్టండి. నురగ పొంగి కారితే పళ్లెంలో పడుతుంది. చీమల కోసం ఆ పళ్లేన్ని ఇంకొంచెం పెద్ద పళ్లెంలో నీళ్లు పోసి అందులో నిలబెట్టాలి. తేనె వాసన చీమలకు ఎక్కడినుంచైనా తెలుస్తుంది. వారం దాటినా బుడగ రాకపోతే కంగారుపడొద్దు. రెండు చెంచాల మంచి పచ్చితేనె పోసి తిప్పండి, కాస్త వెచ్చటి చోటికి మార్చండి.

వాసనను నమ్మండి. మొదట పచ్చి ఉసిరి వాసన, తర్వాత పండు వాసన, రెండో వారంలో కాస్త వైన్‌లాంటి వాసన వస్తాయి. ఇవన్నీ మంచివే. రంగు పచ్చ నుంచి పసుపుకు, తర్వాత తేనె రంగుకు తిరుగుతుంది. పైన పలచటి తెల్లటి పొర కడితే అది ఒక రకం ఈస్ట్. హాని లేదు, తీసేసి తిప్పడం పెంచండి. కానీ నూగులాగా లేచిన పచ్చటి, నల్లటి, గులాబీ రంగు మచ్చ కనిపిస్తే అది బూజు. పైన తీసేసి కిందిది వాడుకుందామనుకోవద్దు. తేనె ఖరీదైనదే, మనసు ఒప్పదు, అయినా సీసా మొత్తం పారేయాలి. కుళ్లిన వాసన వచ్చినా అంతే.

ఏడాది లోపు పిల్లలకు తేనె ఏ రూపంలోనూ నాకించొద్దు. తేనెలో క్లాస్ట్రిడియం బొటులినమ్ అనే బ్యాక్టీరియా బీజాలు ఉండొచ్చు. పెద్దవాళ్ల కడుపులో అవి మొలకెత్తలేవు, పసిపిల్లల పేగుల్లో మొలకెత్తి విషం తయారుచేస్తాయి. తేనెలో వెల్లుల్లి వేసి పులియబెట్టేవాళ్లూ ఉన్నారు. నేను మొదటిసారికి వెల్లుల్లి కాకుండా ఉసిరినే చెప్పడానికి కారణం కూడా ఈ బ్యాక్టీరియానే. పులుపును పీహెచ్ అనే అంకెతో కొలుస్తారు, అది తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ. పీహెచ్ 4.6 కన్నా తక్కువ ఉన్నచోట ఆ బ్యాక్టీరియా పెరగదు. ఉసిరి పీహెచ్ 3 దగ్గర ఉంటుంది, తేనె మామూలుగా 4 దగ్గర ఉంటుంది, రెండూ పులుపు వైపే ఉన్నాయి. వెల్లుల్లిలో ఆ పులుపు లేదు. తేనె వెల్లుల్లి చేసేవాళ్లు పీహెచ్ పేపర్‌తో చూసుకుంటూ, అవసరమైతే వెనిగర్ కలుపుతూ చేయాలి. చెయ్యి తిరిగాక అది చూడొచ్చు. షుగర్ ఉన్నవాళ్లు ఇది కూడా తేనేనని మరిచిపోవద్దు. పులిసింది కదా, తీపి తగ్గిపోయింది కదా అని నాలుక చెప్పినా చక్కెర ఇంకా చాలా ఉంటుంది.

నెల రోజులకు తినొచ్చు. మూడో నెలకు ఇంకా బాగుంటుంది, ముక్క నమిలితే వగరు చివర్లో ఒక్క క్షణం తగిలి పోతుంది. పొద్దున ఒక ముక్క, ఒక చెంచా రసం చాలు. రసాన్ని గోరువెచ్చటి నీళ్లలో కలుపుకోవచ్చు. ఎండాకాలం చల్లటి నీళ్లు, నానిన సబ్జా గింజలు, చిటికెడు ఉప్పుతో కలిపితే మా ఇంట్లో నిమ్మరసం అడిగేవాళ్లు ఉండరు. పెరుగన్నంలోకి ముక్కలు సన్నగా తరిగి నంజుకుంటే కూడా బాగుంటుంది. మా అత్తమ్మకైతే రాగిసంగటి మజ్జిగలో కలుపుకుని తాగేటప్పుడు ఈ ముక్క ఉండాల్సిందే.

తీసుకునేటప్పుడు ప్రతిసారీ పొడి చెంచా వాడండి. బుడగలు ఆగిపోయి, తిప్పినా గ్యాస్ రానప్పుడు మూత బిగించి అల్మారాలో ఉంచొచ్చు. శివరాత్రి దాటి ఎండలు మొదలయ్యాక మాత్రం ఫ్రిజ్‌లో పెట్టండి. మన ఊళ్లో ఏప్రిల్, మే నెలల వేడికి ఆగిన ఈస్ట్ మళ్లీ లేస్తుంది, తేనె పుల్లబడుతుంది, బిగించిన సీసా ప్రమాదం కూడా. ముక్కలు అయిపోయి రసం మిగిలితే పారేయొద్దు. వచ్చే కార్తీకానికి అందులోంచి రెండు చెంచాలు కొత్త సీసాలో పోస్తే, పాత రసంలోని ఈస్ట్ ఇంకా బతికే ఉంటుంది కాబట్టి, పులియడం రెండో మూడో రోజుకే అందుకుంటుంది.